దారిలో అరిగే రూపాయి

బుచ్చయ్యపేట మండలం నుంచి సింగపూరో బ్యాంకాకో బయలుదేరే కుటుంబానికి ప్రయాణం విశాఖ విమానాశ్రయంలో మొదలవదు. చోడవరంలో పాస్‌పోర్టు, పాన్ కార్డు, టికెట్టు మూడూ జెరాక్సు తీయించుకున్న రోజే మొదలైపోతుంది. ఖాతా ఉన్న బ్యాంకు శాఖకు వెళ్లి డాలర్లు కావాలంటే, "ఇక్కడ ఉండవండీ, విశాఖ వెళ్లాలి" అంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. విదేశీ కరెన్సీ అమ్మే అధికారాన్ని రిజర్వు బ్యాంకు కొన్ని బ్యాంకులకు, ఫుల్ ఫ్లెడ్జ్‌డ్ మనీ చేంజర్లు అనే లైసెన్సు సంస్థలకు మాత్రమే ఇస్తుంది. బ్యాంకుకు అధికారం ఉన్నా, ప్రతి పల్లె శాఖలోనూ డాలర్ల కట్టలు పెట్టుకుని కూర్చోరు. అందుకని అనకాపల్లి మీదుగా విశాఖ బస్సెక్కాల్సిందే.

2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లాలో ఉండి, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన ఈ చెరకు పల్లెల్లో ఒకప్పుడు ఫారిన్ అంటే అమెరికాలో కొడుకో కూతురో ఉన్నవాళ్ల మాట. సింగపూర్‌కు విశాఖ నుంచే విమానం ఉంది. 2024లో బ్యాంకాక్, కౌలాలంపూర్‌లకూ నేరుగా విమానాలు మొదలయ్యాయి. థాయ్‌లాండ్ మనవాళ్లను వీసా లేకుండానే రమ్మంది. దాంతో వడ్డాదిలో కిరాణా కొట్టు నడిపేవాళ్లు, రిటైరైన మాస్టార్లు, కొత్తగా పెళ్లయినవాళ్లు కూడా టూర్ లెక్కలు వేసుకుంటున్నారు. టికెట్టు దగ్గర ఐదొందల తగ్గింపు కోసం మూడు రోజులు ఫోన్లో వెతికినవాళ్లే, డబ్బు మార్చుకునే చోట ఐదు నిమిషాల్లో మూడు నాలుగు వేలు వదిలేసి వస్తారు. పోయినట్టు కూడా తెలీదు. చిక్కంతా అక్కడే ఉంది.

మనీ చేంజర్ దుకాణంలో గోడమీద బోర్డు చూస్తే ప్రతి కరెన్సీ పక్కనా రెండు అంకెలు కనబడతాయి. ఒకటి వాళ్లు మన దగ్గర కొనే ధర, రెండోది మనకు అమ్మే ధర. అనకాపల్లి మార్కెట్లో బెల్లం దిమ్మకు రైతు చేతికొచ్చేదీ, కొట్లో మనం పెట్టేదీ ఒకటి కానట్టే ఇదీను. ఫోన్లో వెతికితే కనిపించే రేటు ఈ రెంటిలో ఏదీ కాదు. పెద్ద బ్యాంకులు కోట్లలో తమలో తాము మార్చుకునే ధరకు దగ్గరగా ఉండే మధ్య రేటు అది. ఆ ధరకు మామూలు మనిషికి ఒక్క నోటు కూడా దొరకదు. దానికీ మన చేతిలో పెట్టే ధరకూ ఉన్న తేడాయే అవతలివాడి సంపాదన. 'కమీషన్ లేదు' అని పెద్దక్షరాలతో బోర్డు పెట్టినవాడు కూడా ఆ తేడా మీదే బతుకుతాడు.

లెక్క కోసం, సింగపూర్ డాలరు మధ్య రేటు 70 రూపాయలు అనుకుందాం. విశాఖలో ఒక దుకాణం 71.50కి, పక్క వీధిలో ఇంకొకరు 73కి, విమానాశ్రయం కౌంటరు 76కి అమ్ముతున్నాయనుకుందాం. వెయ్యి డాలర్లు కొనేవాడు మొదటిచోట 1,500 రూపాయలు, రెండోచోట 3,000, మూడోచోట 6,000 వదులుకున్నట్టు. అంకెలు ఊహించినవే కానీ, విమానాశ్రయం కౌంటరు చివర్లో ఉండటం మాత్రం ఊహ కాదు. అక్కడ అద్దె ఎక్కువ, పోటీ తక్కువ. పైగా చెక్-ఇన్ అయిపోయి, పిల్లలు ఆకలంటుంటే, చేతిలో ఒక్క విదేశీ నోటు లేక నిలబడ్డ మనిషి బేరమేం ఆడతాడు?

చిత్రమేమిటంటే, కౌంటర్లో చాలామంది గట్టిగా నిలదీసేది జీఎస్టీ గురించి. లక్ష రూపాయల లోపు మార్పిడిలో ఒక శాతాన్ని సేవ విలువగా తీసుకుని, ఆ ఒక శాతం మీద 18 శాతం పన్ను వేస్తారు. లక్షకు 180 రూపాయలన్నమాట. ఎంత చిన్న మొత్తానికైనా కనీసం 45 రూపాయలు. ఆ 180 కోసం గొడవపడి, రేటులో పోయే రెండు మూడు వేలను పట్టించుకోకపోతే అవతలివాడికి అంతకన్నా ఏం కావాలి? అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: "వెయ్యి డాలర్లు నా చేతిలో పెట్టడానికి, అన్నీ కలిపి మొత్తం ఎన్ని రూపాయలు ఇవ్వాలి?" రెండు మూడు చోట్లకు ఫోన్ చేసి ఇదే మాట అడిగితే ఎవరు ఎక్కడ నొక్కుతున్నారో తేలిపోతుంది. కొంచెం పెద్ద మొత్తమైతే రేటు పది పైసలో పావలాయో తగ్గించమని అడగొచ్చు కూడా. మొహమాటపడాల్సిన పనిలేదు, అది వాళ్లకు రోజూ ఉండే బేరమే.

కొనడానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచే కరెన్సీ తీసుకోవచ్చు. ఏ2 అనే ఫారం నింపాలి. 50 వేల రూపాయల లోపైతే నగదు ఇచ్చి కొనుక్కోవచ్చు, అది దాటితే చెక్కు, కార్డు, ఖాతా బదిలీ లాంటి దారులే. నోట్ల రూపంలో ఒక ప్రయాణానికి 3,000 అమెరికన్ డాలర్ల విలువ దాకా ఇస్తారు, మిగతాది కార్డులో వేసుకోవాలి. ఇరాక్, లిబియా వెళ్లేవాళ్లకు ఈ పరిమితి 5,000. హజ్, ఉమ్రా యాత్రికులకు ఇంకా సడలింపు ఉంది. సరళీకృత చెల్లింపు పథకం కింద ఒక మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చన్నది మామూలు ప్రయాణికుడికి అక్కర్లేని అంకె. ఆర్థిక సంవత్సరంలో పది లక్షల రూపాయలు దాటిన ప్రయాణ కరెన్సీ మీద 20 శాతం పన్ను ముందుగా వసూలు చేస్తారన్నదీ అంతే. ఐదు రోజుల సింగపూర్ టూరుకు వెళ్లేవాళ్లు ఆ గీత దరిదాపుల్లోకి కూడా రారు.

ఇక ఇళ్లల్లో జరిగేదొకటుంది. అమెరికా నుంచి సంక్రాంతికి వచ్చిన బావమరిది, "దుకాణాల్లో ఎందుకు బావా, నా దగ్గర ఆరొందల డాలర్లున్నాయి, రూపాయలిచ్చెయ్, నువ్వు తీసుకో" అంటాడు. ప్రేమకొద్దీ అన్న మాటే, రేటూ బాగానే ఉంటుంది. కానీ చట్టప్రకారం విదేశీ కరెన్సీని కొనాల్సింది అధికారమున్న బ్యాంకు దగ్గరో, లైసెన్సున్న చేంజరు దగ్గరో మాత్రమే. విదేశంలో స్థిరపడ్డ బంధువు ఊరికే కానుకగా ఇస్తే పుచ్చుకోవచ్చు, 2,000 డాలర్ల విలువ దాకా ఇంట్లో ఉంచుకోవచ్చు కూడా. రూపాయలిచ్చి కొనడం మాత్రం చట్ట ఉల్లంఘన కిందికి వస్తుంది. చేంజరు ఇచ్చే రసీదుకు ఇక్కడే విలువ. ఈ నోట్లు ఎక్కడివని ఎవరైనా అడిగితే చూపించడానికి ఆ కాగితం తప్ప ఇంకేమీ ఉండదు.

ఈ గొడవలేవీ లేకుండా ఇదే జిల్లా జనం వేలకు వేలుగా సముద్రం దాటిన కాలం ఒకటుంది. విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, కాకినాడ రేవుల్లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలెక్కి 'రంగం', అంటే బర్మాలోని రంగూన్, వెళ్లేవారు. అక్కడ రేవులో బస్తాలు మోశారు, ధాన్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. మేస్త్రీ దగ్గర ముందుగా అడ్వాన్సు తీసుకుని, దాన్ని తీర్చడానికి నెలలకు నెలలు చాకిరీ చేసినవాళ్లూ ఉన్నారు. కష్టాలు ఎన్ని పడ్డా, డబ్బు మార్చుకునే బాధ మాత్రం వాళ్లకు లేదు. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. విశాఖ రేవులో బొడ్డులో దోపుకున్న రూపాయే రంగూన్ రేవులోనూ చెల్లేది. అక్కడ కూడబెట్టింది మనియార్డరు మీద ఇక్కడి పల్లెకు చేరేది. అంత దూరం వెళ్లినా, తపాలా లెక్కలో అది దేశంలోపలి ప్రయాణమే.

1937 ఏప్రిల్ 1న బర్మాను విడదీశారు. అప్పటికీ అక్కడి నోట్ల బాధ్యత మన రిజర్వు బ్యాంకుదే. మొదట్లో ఇక్కడి నోట్ల మీదే 'బర్మాలో మాత్రమే చెల్లుతుంది' అని అచ్చుగుద్ది ఇచ్చారు. ఆ తరవాతే అరుగుదల మొదలైంది, మామూలు అరుగుదల కూడా కాదు. 1942లో జపాన్ సైన్యం వచ్చి సొంత రూపాయి నోట్లు కుప్పలుగా అచ్చువేసింది. 1945లో బ్రిటిష్ వాళ్లు తిరిగొచ్చేసరికి అవి చిత్తుకాగితాలయ్యాయి. 1952లో రూపాయి స్థానంలో క్యాట్ వచ్చింది. 1964 మేలో నె విన్ ప్రభుత్వం 50, 100 క్యాట్ నోట్లను ఉన్నపళంగా రద్దుచేసింది. దుకాణాలు ప్రభుత్వపరమై, దాచుకున్న నోట్లు చెల్లక, సంపాదించింది వెంట తెచ్చుకునే వీల్లేక తెలుగువాళ్లు ఓడలెక్కి తిరిగొచ్చారు. విశాఖలో కంచరపాలెం వైపు వెళ్తే బర్మా క్యాంపు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. డబ్బంతా నోట్లలోనే, అదీ ఒకే దేశం నోట్లలో ఉంచుకుంటే ఏమవుతుందో అక్కడి పాత కుటుంబాలకు ఒకరు చెప్పనక్కర్లేదు.

రూపాయి అటు గల్ఫ్‌లోనూ తిరిగింది. కువైట్, బహ్రెయిన్, ఖతార్, దుబాయ్ బజార్లలో మన నోట్లే చెల్లేవి. ఆ నోట్లతో అక్కడ బంగారం కొని దొంగచాటుగా దేశంలోకి తెస్తుండటంతో, 1959లో ప్రభుత్వం గల్ఫ్‌కోసం వేరే నోట్లు వేసింది. అవి మన దేశంలో చెల్లవు. అదే ఏడాది హజ్ యాత్రికులకోసమూ 10, 100 రూపాయల ప్రత్యేక నోట్లు వచ్చాయి. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించి డాలరును 4.76 నుంచి 7.50 చేయగానే, అప్పటికీ రూపాయినే వాడుతున్న గల్ఫ్ పాలకులు చాలామంది వేరే కరెన్సీలకు మారిపోయారు. ఆ రోజుల్లో అమెరికా చదువులకు వెళ్లిన తెలుగు కుర్రాళ్ల జేబులో చట్టం పెట్టనిచ్చింది 8 డాలర్లు. న్యూయార్కులో దిగి ఎవరైనా వచ్చి తీసుకెళ్లకపోతే పూట భోజనానికి వెతుక్కోవాల్సినంత. డాలరు దేశానికే కరువైన కాలమది. 1999లో చేసిన ఫెమా (విదేశీ మారక నిర్వహణ) చట్టం 2000 జూన్‌లో అమల్లోకి వచ్చాకగానీ మామూలు మనిషికి విదేశీ నోటు పట్టుకోవడం నేరంలా అనిపించడం తగ్గలేదు.

రూపాయి ఇప్పటికీ కాస్త ధీమాగా నడిచే పరాయి దేశం నేపాల్. ఉత్తరాంధ్ర నుంచి కాశీ, గయలతో కలిపి పశుపతినాథ్, ముక్తినాథ్ దర్శనానికి వెళ్లే యాత్రలు కొత్తేమీ కాదు. అక్కడ కొట్టువాడు, "ఐసీనా, ఎన్‌సీనా?" అని అడుగుతాడు. భారత రూపాయా, నేపాలీ రూపాయా అని. 1993 నుంచి మన 100 రూపాయలకు వాళ్ల 160 అనే లెక్క కదలకుండా ఉంది. రేటు మారదు కాబట్టి మోసం ఉండదనుకుంటారు. తేనీటి కొట్లో 100 ఇచ్చి 150 లెక్కన చిల్లర తీసుకుని, ఆ పదిని పట్టించుకోకుండా వచ్చేవాళ్లెందరో. జాగ్రత్తపడాల్సింది నోట్ల విలువ దగ్గర. 100 కంటే పెద్ద భారత నోట్లను 2018 డిసెంబరులో నేపాల్ నిషేధించింది. తరవాత ఆ కట్టుబాటును సడలించే ప్రయత్నాలు జరిగాయి. కాబట్టి బయలుదేరే ముందు యాత్ర నడిపేవాళ్లను అప్పటి నిబంధనేమిటో అడిగి, ఏదైనా సరే వంద నోట్ల కట్ట ఒకటి దగ్గరుంచుకోవడం క్షేమం. నేపాల్, భూటాన్ కాకుండా మరే దేశం వెళ్లినా రూపాయి నోట్లు మనిషికి 25 వేలు మించి వెంట తీసుకెళ్లకూడదు, తిరిగి తేకూడదు.

బ్యాంకాక్ సంగతి వేరు. సువర్ణభూమి విమానాశ్రయంలో బయటికి రాగానే వరసగా కౌంటర్లు కనిపిస్తాయి. అదే భవనంలో కింది అంతస్తుకు, నగరంలోకి వెళ్లే రైలు స్టేషను పక్కకు దిగితే ఇంకో వరస కౌంటర్లుంటాయి. అక్కడి రేటు పైవాటికన్నా మెరుగ్గా ఉంటుందని తరచూ వెళ్లేవాళ్లకు తెలుసు. ఒకే కప్పు కింద, రెండు ఎస్కలేటర్ల దూరంలో ధర మారిపోతుంది! డాలర్లు తీసుకెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటుంది. బోర్డు మీద డాలరుకు ఒక రేటు కాదు, రెండు మూడు రేట్లు ఉంటాయి. వంద, యాభై డాలర్ల నోట్లకు మంచి రేటు, ఇరవై పదులకు అంతకన్నా తక్కువ, ఒకట్లు రెండ్లకు మరీ తక్కువ. నోటు మీద పెన్ను గీత ఉన్నా, అంచు చిరిగినా తిప్పి ఇచ్చేస్తారు. విశాఖలో కొనేటప్పుడే కౌంటరు ముందు నోట్లన్నీ వెలుతురులో పెట్టి చూసుకుని, మడతలు పడ్డవి మార్చమని అడగాలి. మన దగ్గర చిరిగిన పది రూపాయల నోటు బస్సులో ఎవరికో అంటగట్టే అలవాటు అక్కడ సాగదు.

డాలర్లుగా తీసుకెళ్లాలా, ఇక్కడే నేరుగా థాయ్ కరెన్సీ బాట్ కొనుక్కోవాలా? రెండుసార్లు మారిస్తే రెండుసార్లు అరుగుతుంది నిజమే. అయితే డాలరు అందరూ కొనే సరుకు కాబట్టి దాని మీద తేడా తక్కువ. అరుదుగా అమ్ముడయ్యే కరెన్సీ మీద దుకాణదారు ఎక్కువ వేసుకుంటాడు. ఒక్కోసారి రెండుసార్లు మార్చడమే చవక. అది కాగితం మీద లెక్కవేస్తేగానీ చెప్పలేం. రూపాయలు పట్టుకెళ్లి అక్కడ మార్చడం మాత్రం చివరి దారి.

ఏటీఎం దగ్గరే అసలు తమాషా. థాయ్ బ్యాంకుల ఏటీఎంలు విదేశీ కార్డుకు ప్రతిసారీ సాధారణంగా 220 బాట్ రుసుము తీసుకుంటాయి, ఎంత తీసినా అంతే. 2,000 బాట్ తీస్తే ఆ రుసుమే 11 శాతం. 20,000 తీస్తే 1.1 శాతం. దానిపైన మన బ్యాంకు వేసేది వేరు. ఒక్కో విత్‌డ్రాకు వంద నుంచి నూటయాభై దాకా, మారకం మీద 2 నుంచి 3.5 శాతం, వాటిమీద జీఎస్టీ. భయంకొద్దీ రోజుకు కొంచెం కొంచెంగా తీసుకునేవాళ్లకే దెబ్బ ఎక్కువ. ఒకేసారి తీసి, సగం హోటల్ గదిలో లాకరులో పెట్టి, సగం ఒంటిమీద పెట్టుకుని తిరిగితే రెండు విధాలా నయం.

కార్డు పెట్టి, పిన్ కొట్టి, మొత్తం నొక్కాక తెర మీద ఒక పేజీ వస్తుంది. మొదట 220 బాట్ రుసుముకు ఒప్పుకుంటారా అని అడుగుతుంది, అది తప్పదు. ఆ తరవాతి పేజీలో, "మీ ఖాతా నుంచి ఇన్ని వేల ఇన్ని వందల రూపాయలు తీసుకుంటాం" అని పైసలతో సహా రాసి ఉంటుంది. కింద రెండు బొత్తాలు. కన్వర్షన్‌తో అని ఒకటి, కన్వర్షన్ లేకుండా అని ఒకటి. చిరపరిచితమైన రూపాయి గుర్తు చూసి, ఎంత పోతోందో కళ్ల ముందే తెలుస్తోంది కదా అని చాలామంది మొదటిది నొక్కేస్తారు. రెండోది నొక్కితే లావాదేవీ రద్దయిపోతుందేమోనన్న భయం కూడా. రద్దవదు. రెండోది నొక్కినా నోట్లు మామూలుగానే వస్తాయి. తేడా ఒక్కటే: మొదటిదాంట్లో బాట్‌ను రూపాయల్లోకి మార్చేది ఆ ఏటీఎం వాళ్లు, తమకు నచ్చిన రేటుకు. మధ్య రేటు కన్నా ఐదారు శాతం, ఒక్కోసారి అంతకుమించి తేడా పడుతుంది. రెండోదాంట్లో కార్డు నెట్‌వర్కు రేటు, మన బ్యాంకు చార్జీ పడతాయి. దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. పేరు చూస్తే ఏదో సౌకర్యంలా ఉంటుంది. ఐరోపాలో పర్యాటకులు తిరిగే వీధుల్లో, దుబాయ్ మాల్స్‌లో, సింగపూర్ బంగారు దుకాణాల్లో కార్డు గీకేటప్పుడు కూడా ఇదే ప్రశ్న మిషన్ మీదో, అమ్మేవాడి నోటో వస్తుంది. "రూపాయల్లో కట్టనా సార్?" అంటే, "వద్దు, ఇక్కడి కరెన్సీలోనే" అనడమే జవాబు. ఒక్కోచోట అడక్కుండానే రూపాయల్లో కొట్టేస్తారు. స్లిప్పు మీద సంతకం పెట్టేముందు, లేదా పిన్ కొట్టేముందు ఏ కరెన్సీలో ఉందో చూసుకుని, రూపాయల్లో ఉంటే రద్దుచేసి మళ్లీ కొట్టమనొచ్చు.

క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీయడం గురించి రెండు ముక్కలు చాలు: తీయొద్దు. సామాను కొంటే ఉండే గడువు నగదుకు ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

ఇంకో ఇబ్బంది ముఖ్యంగా పల్లె ఖాతాదారులది. జన్‌ధన్ ఖాతాతో, పింఛను ఖాతాతో వచ్చిన కార్డు చాలావరకు దేశంలో మాత్రమే పనిచేసే రూపే కార్డు. రూపేలో అంతర్జాతీయ రకం వేరే ఉంది. అది డిస్కవర్, డైనర్స్ క్లబ్, జేసీబీ గుర్తులున్న మిషన్ల దగ్గర పనిచేస్తుంది. జేబులో కార్డు ఉందన్న ధైర్యంతో బయలుదేరి, అక్కడ నాలుగు ఏటీఎంలు తిరిగాక అది పనిచేసే కార్డు కాదని తెలిస్తే చేసేదేమీ ఉండదు. వీసా, మాస్టర్ గుర్తు ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. 2020 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డులన్నీ దేశంలోపల వాడకానికే తెరిచి ఇస్తారు. విదేశీ వాడకాన్ని బ్యాంకు యాప్‌లోనో, శాఖలోనో మనమే తెరిపించుకోవాలి, రోజు పరిమితి కూడా పెట్టుకోవాలి. ఇదంతా బుచ్చయ్యపేటలో ఉండగానే తీరే పని. బయటి దేశంలో దిగాక యాప్ తెరిస్తే ఓటీపీ అడుగుతుంది. మన సిమ్ తీసేసి అక్కడి సిమ్ వేసుకున్నవాడికి ఆ ఓటీపీ ఎక్కడినుంచి వస్తుంది?

ముందుగా డబ్బు నింపుకునే ఫారెక్స్ కార్డు నోట్లకూ బ్యాంకు కార్డుకూ మధ్యస్థం. విశాఖలోనే ఆ దేశం కరెన్సీ నింపించుకుంటే ఆనాటి రేటు ఖాయమైపోతుంది, తరవాత రూపాయి పడినా మనకు బాధలేదు. అయితే డాలర్లు నింపిన కార్డును సింగపూర్‌లో గీకితే మళ్లీ మారకం చార్జీ పడుతుంది. ఏ దేశానికి ఆ కరెన్సీ నింపాలి. ఈ మధ్య మారకం చార్జీ అసలు వేయని డెబిట్, క్రెడిట్ కార్డులు కూడా వస్తున్నాయి. చదువుకున్న పిల్లలున్న ఇంట్లో అలాంటిదొకటి తీసుకుంటే మంచిదే, కానీ కార్డు ఒక్కటే నమ్ముకోకూడదు. కార్డు పోయినా, ఏటీఎం మింగేసినా, మొదటి రెండు రోజులకు సరిపడా నోట్లు చేతిలో ఉండాల్సిందే. థాయ్ ఇమిగ్రేషన్‌లో ఖర్చులకు డబ్బుందా చూపించమని అడిగే అవకాశం కూడా ఉంది.

సింగపూర్ ఉత్తరాంధ్రవాళ్లకు చుట్టాలిల్లు లాంటిది. షిప్‌యార్డుల్లో వెల్డర్లుగా, ఫిట్టర్లుగా పనిచేసేవాళ్లున్నారు. 1975లో పుట్టిన తెలుగు సమాజం ఉంది. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది. ఊరి నుంచి వచ్చే నాన్నకు అక్కడి కొడుకు ఫోన్లో చెప్పే మాట దాదాపు ఒకటే: "నాన్నా, ఎయిర్‌పోర్టులో ఏమీ మార్చకు, టాక్సీకి నేనిస్తాను. ముస్తఫా దగ్గర చూద్దాం." లిటిల్ ఇండియాలోని ముస్తఫా సెంటర్లో, దాని చుట్టుపక్కల మనీ చేంజర్లు పక్కపక్కనే ఉంటారు. పక్కవాడి బోర్డు కనిపిస్తుంటే ఎవరూ రేటు మరీ పెంచలేరు. చిన్న చిత్రం: బ్రూనై డాలరు కూడా సింగపూర్‌లో ఒకటికి ఒకటిగా చెల్లుతుంది, 1967 ఒప్పందం అది. చిల్లరలో తెలియని రాజుగారి బొమ్మున్న నోటు వస్తే కంగారుపడక్కర్లేదు.

ఫోన్ తీసి స్కాన్ చేసే అలవాటు విదేశంలో ఎంతవరకు పనికొస్తుంది? భూటాన్‌లో 2021లో, శ్రీలంక, మారిషస్‌లలో 2024 ఫిబ్రవరిలో, నేపాల్‌లో అదే ఏడాది మార్చిలో దుకాణాల్లో యూపీఐ మొదలైంది. దుబాయ్‌లో కొన్నిచోట్ల, పారిస్‌లో ఈఫిల్ టవర్ టికెట్ల దగ్గర ఉంది. సింగపూర్‌లో 2023 ఫిబ్రవరి 21న యూపీఐని అక్కడి చెల్లింపు వ్యవస్థ పేనౌతో కలిపారు. అది ముఖ్యంగా మనిషి నుంచి మనిషికి పంపుకోవడానికి, అదీ పథకంలో ఉన్న బ్యాంకుల మధ్య. అక్కడి కొడుకు ఇక్కడి అమ్మ ఖాతాకు పంపడానికి బాగుంటుంది. హాకర్ సెంటర్లో నూడిల్స్ కొనడానికి దాన్ని నమ్ముకుని వెళ్లడం తొందరపాటే.

తిరిగొచ్చేటప్పుడు మిగిలిన నోట్ల సంగతి చాలామంది ఇంట్లో బీరువా అరకు వదిలేస్తారు. చట్టం 180 రోజుల గడువిచ్చింది. ఆలోగా అమ్మేయాలి, 2,000 డాలర్ల విలువ దాకా మాత్రం మళ్లీ ప్రయాణానికని ఉంచుకోవచ్చు. విదేశీ నోట్లు 5,000 డాలర్ల విలువ దాటినా, నోట్లు ఇతర రూపాలు కలిపి 10,000 దాటినా విమానాశ్రయంలో దిగగానే ప్రకటన ఫారం నింపి కస్టమ్స్‌కు ఇవ్వాలి. అమ్మేటప్పుడు బోర్డు మీద మొదటి అంకె, అంటే తక్కువ అంకె మనది. ఆ తేడా తప్పదు, కాబట్టి విమానాశ్రయంలో అలసటతో మార్చేయకుండా వారం తరవాత విశాఖలో రెండుచోట్ల అడిగి, పాత రసీదు, పాస్‌పోర్టు చూపించి మార్చుకోవచ్చు. నాణేలను మాత్రం ఏ మనీ చేంజరూ తీసుకోడు. అవి అక్కడే, చివరి రోజు నీళ్ల సీసాకో పిల్లల చాక్లెట్లకో ఖర్చుపెట్టేయాల్సిందే. ఫారెక్స్ కార్డులో మిగిలింది కూడా కొనుగోలు రేటుకే వెనక్కిస్తారు. కార్డుకు ఇంకా గడువుండి, ఏడాదిలోపు మళ్లీ అటువైపు వెళ్లే పనుంటే, ఆ మిగిలినదాన్ని నిబంధన ఒప్పినంతవరకు అందులోనే ఉంచేసుకోవచ్చు.